ఆంక్షల కింద సంఘం: ఎదిగిందా, నలిగిందా?

చైనాలో క్రైస్తవులు ఎంతమంది? 2018 ఏప్రిల్‌లో ఆ దేశ ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం ప్రకారం ప్రొటెస్టెంట్లు 3.8 కోట్లు, కాథలిక్కులు 60 లక్షలు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2010 సంవత్సరానికి వేసిన అంచనా 6.7 కోట్లు. అదే సంస్థ 2023లో చైనా విద్యావేత్తల సర్వేలను తిరగేసి, తమది క్రైస్తవ మతమని చెప్పుకున్న పెద్దవాళ్లు నూటికి ఇద్దరేనని, అంటే సుమారు 2 కోట్లని తేల్చింది. కొందరు ప్రచారకుల నోట పది కోట్లు దాటిన అంకెలూ వినిపిస్తాయి. దేశం ఒకటే, కాలం ఇంచుమించు ఒకటే. తేడా మాత్రం ఐదింతలు.

ఆంక్షలున్న చోట సువార్త సేవ గురించి జరిగే చర్చంతా ఇలాంటి అంకెల మీదే నిలబడి ఉంది. హింస పెరిగిన కొద్దీ సంఘం పెరుగుతుందన్నది మన ఉజ్జీవ సభల్లో తరచుగా వినిపించే మాట. రెండో శతాబ్దం చివర కార్తేజీ నగరంలో తెర్తుల్లియన్ హతసాక్షుల రక్తాన్ని విత్తనంతో పోల్చిన నాటినుంచీ అది వాడుకలో ఉంది. చరిత్రకారుల్లో కొందరు దీన్ని ఒప్పుకోరు. హింసకు తుడిచిపెట్టుకుపోయిన సంఘాల గురించి చెప్పడానికి ఎవరూ మిగలరు కాబట్టే గెలిచిన కథలు మాత్రమే మనకు చేరాయంటారు. మతాన్ని అంగడి సరుకులా చూసే సామాజిక శాస్త్రవేత్తలది ఇంకో దారి. ఇందులో ఎవరు ఏమంటున్నారో, ఎక్కడ పట్టు ఉందో, ఎక్కడ జారిపోతోందో ఒకసారి చూసుకోవాల్సిన సమయమిది.

చైనా: వాదమంతా మొదలైన చోటు

1949లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చేనాటికి చైనాలో ప్రొటెస్టెంట్లు పది లక్షల లోపు, కాథలిక్కులు ముప్పై లక్షల చిల్లర. రెండు మూడేళ్లలో విదేశీ మిషనరీలు దాదాపు అందరూ దేశం విడిచారు. 1954లో 'త్రిస్వయం దేశభక్త ఉద్యమం' అధికారికంగా ఏర్పడింది. సంఘం తనను తానే పాలించుకోవాలి, పోషించుకోవాలి, వ్యాపింపజేసుకోవాలి అన్నవి ఆ మూడు 'స్వయం'లు. విచిత్రమేమిటంటే ఈ సూత్రం కమ్యూనిస్టులది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ అనే మిషన్ నాయకులే దాన్ని ప్రతిపాదించారు. మిషనరీలు కాగితం మీద రాసుకుని అమలు చేయడానికి వెనకాడినదాన్ని, వాళ్లను వెళ్లగొట్టిన ప్రభుత్వం తన పద్ధతిలో అమలు చేసింది.

ఆ గొడుగు కిందికి రానివారికి జైలే. బీజింగ్‌లో స్వతంత్ర సంఘం నడిపిన వాంగ్ మింగ్‌దావ్‌ను 1955లో అరెస్టు చేశారు. ఆయన జీవితాన్ని వీరగాథగా చెప్పేవాళ్లు మధ్యలో ఒక ఘట్టాన్ని దాటేస్తుంటారు. మరుసటి ఏడే ఆయన ఒత్తిడికి లొంగి తప్పొప్పుకోలు మీద సంతకం పెట్టి బయటికొచ్చారు. ఆ తర్వాత మనశ్శాంతి లేక ఆ ఒప్పుకోలును కాదన్నారు. 1958లో మళ్లీ లోపలికి వెళ్లి 1980 దాకా బయటికి రాలేదు. 'చిన్న మంద' సంఘాల నాయకుడు వాచ్‌మన్ నీ 1952లో అరెస్టయి 1972లో నిర్బంధంలోనే చనిపోయారు. 1966లో సాంస్కృతిక విప్లవం మొదలయ్యాక త్రిస్వయం చర్చిలకూ తాళాలు పడ్డాయి. ప్రభుత్వంతో సర్దుకుపోయినవాళ్లకీ, ఎదిరించినవాళ్లకీ ఆ పదేళ్లు ఒకేలా గడిచాయి.

1979లో చర్చిలు తిరిగి తెరుచుకున్నాయి. 1982లో పార్టీ విడుదల చేసిన 19వ నంబరు పత్రం మతం ఇప్పట్లో పోయేది కాదని ఒప్పుకుని, హద్దుల మధ్య చోటిచ్చింది. అంతా అయిపోయిందనుకున్న చోట హెనాన్, అన్హుయి పల్లెల్లో లక్షల మంది విశ్వాసులు బయటపడ్డారు. 1997 శ్వేతపత్రం ప్రొటెస్టెంట్లు కోటి మంది అన్నది. ఇరవై ఏళ్లలో ఆ ప్రభుత్వ లెక్కే దాదాపు నాలుగింతలైంది. నాన్‌జింగ్‌లో ప్రభుత్వ అనుమతితో నడిచే అమిటీ ముద్రణాలయం 2019 నాటికి 20 కోట్ల బైబిళ్లు అచ్చువేసింది. ఎగుమతి చేసినవీ అందులో ఉన్నాయి. బైబిలును పుస్తకాల దుకాణంలో మామూలుగా అమ్మనివ్వని దేశంలోనే ప్రపంచంలోని పెద్ద బైబిలు ముద్రణాలయాల్లో ఒకటి ఉంది. ఆంక్షలంటే సంపూర్ణ నిషేధమనుకుంటే చైనా అర్థం కాదు.

ఎదుగుదలకు ఎవరి వివరణ వారిది

హింసే ఎదుగుదలకు మూలమన్న పక్షానికి చైనాతో పాటు ఇథియోపియా కూడా బలమైన ఆధారం. అక్కడి మార్క్సిస్టు ప్రభుత్వం 1982లో మెసెరెతె క్రిస్తోస్ సంఘాన్ని మూసివేసి నాయకులను జైల్లో పెట్టింది. అప్పటికి సభ్యులు సుమారు 5 వేలు. అయిదారుగురు చొప్పున ఇళ్లలో కలుసుకుంటూ, చాలాచోట్ల స్త్రీలే నడిపిస్తూ 1991లో బయటికొచ్చేసరికి 30 వేలు దాటారు. మందిరం పోతే ఇల్లు మందిరమైంది, పాస్టరు జైలుకెళితే పక్కింటి అమ్మ బోధకురాలైంది. ఇక్కడ హింస పనిచేసిన తీరు కళ్లకు కడుతుంది.

లియాన్ షీ అనే చరిత్రకారుడు చైనా కథను ఇంకాస్త వెనక్కి తీసుకెళ్లారు. 1949కి ముందే మిషనరీలతో సంబంధం లేకుండా చైనీయులే మొదలుపెట్టిన సంఘాలు బలంగా ఉన్నాయి. 1917లో పుట్టిన 'నిజ యేసు సంఘం', షాన్‌డాంగ్‌లో ఉమ్మడి జీవనం సాగించిన 'యేసు కుటుంబం', వాచ్‌మన్ నీ చిన్న మంద అలాంటివే. వీళ్లకు జీతాల కాపరులు లేరు, విదేశీ డబ్బు లేదు. నిషేధం వచ్చినప్పుడు పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అంటే ఎదుగుదలకు బీజం హింసలో కాదు, అంతకుముందే నేలలో పడి ఉంది. హింస మిషన్ ఆస్తులున్న సంఘాలను కూల్చి, ఇలాంటివాటికి దారి తెరిచింది.

మూడో వాదం రాడ్నీ స్టార్క్, రోజర్ ఫింక్ లాంటి సామాజిక శాస్త్రవేత్తలది. ప్రభుత్వం పట్టు సడలిస్తే పోటీ పెరిగి మతం పుంజుకుంటుందన్నది దాని సారం. చైనాకు దాన్ని అన్వయిస్తూ ఫెంగ్‌గాంగ్ యాంగ్ 2006లో మూడు అంగళ్ల సిద్ధాంతం చెప్పారు: అనుమతి పొందిన ఎర్ర అంగడి, నిషేధించిన నల్ల అంగడి, రెండూ కాని బూడిదరంగు అంగడి. ఎర్ర అంగడిని బిగించినకొద్దీ జనం బూడిదరంగు అంగడికి మళ్లుతారు. 2030 నాటికి చైనాలో క్రైస్తవులు 24 కోట్లు దాటవచ్చని ఆయన వేసిన లెక్క అప్పట్లో పత్రికలకెక్కింది. ఆ లెక్క ఇప్పుడు నిలిచేలా లేదు. బూడిదరంగు అంగడి గురించి ఆయన చెప్పింది మాత్రం నేటికీ పనికొస్తుంది. 2014 ఏప్రిల్‌లో వెన్‌జౌ నగరంలో కూల్చేసిన సాన్‌జియాంగ్ చర్చి రహస్య గృహ సంఘం కాదు, త్రిస్వయం కింద నమోదైనదే. అనుమతి కంటే ఎక్కువ విస్తీర్ణంలో కట్టారన్నది అధికారుల ఆరోపణ. ఆ తర్వాత రెండేళ్లలో జెజియాంగ్ రాష్ట్రంలో వెయ్యికి పైగా శిలువలు పైకప్పుల మీదనుంచి దింపేశారు. నమోదైనా కానట్టే ఉన్న చోట నమోదు చేసుకోమని ఎవరికి చెప్పగలం?

నాలుగో వివరణ మతం బయటినుంచి వస్తుంది. 1980లలో కమ్యూన్లు రద్దయ్యాక పల్లెల్లో ఉమ్మడి వైద్య వ్యవస్థ చెదిరిపోయింది. ఆసుపత్రికి వెళ్లే స్తోమత లేని ఇంటికి ప్రార్థన చేసే పొరుగువాళ్లు వచ్చారు. గ్రామీణ చైనాలో విశ్వాసంలోకి రావడానికి ఇంట్లో జబ్బు ఒక పెద్ద కారణమని పరిశోధకులు పదేపదే గమనించారు. తెలుగునేల మీద దీనికి దగ్గరి ఉదాహరణే ఉంది. 1876–78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చారు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని కరవు తీరేదాకా బాప్తిస్మాలు ఆపారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అక్కడ రాజ్య నిషేధమేదీ లేదు. ఊరి ఒత్తిడి ఉంది, ఆకలి ఉంది, అప్పటికే మాదిగ పల్లెల్లో తిరుగుతున్న సొంత బోధకులున్నారు. హింస లేకుండానే ఉప్పెన వచ్చిందంటే, వేరేచోట ఉప్పెనకు హింసే కారణమనడం తొందరపాటు.

జపాన్: నిషేధం గెలిచిన చోటు

ఫిలిప్ జెంకిన్స్ 2008లో రాసిన 'క్రైస్తవం కోల్పోయిన చరిత్ర' అనే పుస్తకం మెసపొటేమియా నుంచి మధ్య ఆసియా దాకా ఒకప్పుడు వెలిగిన తూర్పు సంఘాలు ఎలా అణిగిపోయాయో చూపించింది. ఆ చరిత్ర వందల ఏళ్ల మీద పరుచుకుని ఉంటుంది గనక కారణాలు విడదీయడం కష్టం. జపాన్‌లో అలా కాదు. అక్కడ యంత్రాంగం మొత్తం కాగితాల మీద కనబడుతుంది.

1549లో ఫ్రాన్సిస్ జేవియర్ అడుగుపెట్టాక అరవై ఏళ్లలో క్రైస్తవులు సుమారు మూడు లక్షలయ్యారు. 1614లో దేశవ్యాప్త నిషేధం. మొదట్లో మిషనరీలను, నాయకులను చంపారు. అది చాలలేదు. తర్వాత పద్ధతి మార్చారు. ప్రతి కుటుంబం ఏదో ఒక బౌద్ధాలయంలో పేరు నమోదు చేయించుకుని ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అయిదు ఇళ్లను ఒక గుంపుగా కట్టి, ఒక ఇంట్లో క్రైస్తవం దొరికితే అయిదిళ్లనూ బాధ్యుల్ని చేశారు. పట్టిస్తే వెండి బహుమానం. నాగసాకిలో ఏటా జనాన్ని పిలిచి క్రీస్తు, మరియల బొమ్మ చెక్కిన పలకను కాలితో తొక్కమనేవారు. 1637–38 షిమబారా తిరుగుబాటు అణచివేత తర్వాత పైకి ఏమీ మిగల్లేదు. 1640ల తర్వాత దేశంలో ఒక్క గురువూ లేడు.

అయినా 1865 మార్చిలో ఉరకామి గ్రామస్థులు కొందరు నాగసాకిలోని కొత్త చర్చికి వచ్చి ఫ్రెంచి గురువు పెతీజాన్‌కు తమ విశ్వాసం గుట్టు విప్పారు. రెండు వందల ఏళ్లకు పైగా బాప్తిస్మం ఇచ్చే మనిషి ఒకరు, పండుగల లెక్క చూసే మనిషి ఒకరు అన్న ఏర్పాటుతో వాళ్లు నిలిచారు. ఇది నిలకడకు అద్భుతమైన సాక్ష్యం, ఎదుగుదలకు మాత్రం కాదు. 1873లో నిషేధం పలకలు తీసేసినా జపాన్‌లో క్రైస్తవులు నేటికీ నూటికి ఒకరి దగ్గరే ఉన్నారు. హింస సంఘాన్ని పెంచుతుందని చెప్పే ప్రసంగాల్లో ఉరకామి వినిపిస్తుంది కానీ ఈ నూటికి ఒకటి వినిపించదు.

జైలు కాదు, బడి

తూర్పు జర్మనీ ఇంకా ఇబ్బందికరమైన ఉదాహరణ. అక్కడ ఊచకోతలు లేవు. చర్చిలు తెరిచే ఉన్నాయి, పాస్టర్లకు శిక్షణా దొరికేది. 1954లో ప్రభుత్వం చర్చిలో పిల్లలు తీసుకునే ధ్రువీకరణ (కన్ఫర్మేషన్) సంస్కారానికి పోటీగా పద్నాలుగేళ్ల పిల్లలకు ఒక లౌకిక 'యువదీక్ష' ప్రవేశపెట్టింది. దానికి రానివాళ్లకు పై చదువుల సీట్లు, మంచి ఉద్యోగాలు కష్టమయ్యాయి. 1960 నాటికి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది పిల్లలు ఆ దీక్ష తీసుకుంటున్నారు. 1950లో నూటికి తొంభై మందికి పైగా చర్చి సభ్యులున్న దేశంలో 1989 నాటికి మూడోవంతుకు అటూఇటూగా మిగిలారు. బెర్లిన్ గోడ కూలడానికి దారితీసిన సోమవారం ప్రార్థనలు లైప్జిగ్‌లోని నికోలాయి చర్చిలోనే మొదలయ్యాయి. స్వేచ్ఛ వచ్చాక కూడా చర్చి బల్లలు నిండలేదు. అదే కాలంలో, అదే సోవియట్ కూటమిలో పోలండు కాథలిక్కులు చెక్కుచెదరలేదు. అక్కడ మతమూ జాతీయతా ఒకటే కావడం దానికి కారణమంటారు.

వీటన్నిటినీ పక్కపక్కన పెడితే ఆంక్ష ఎంత తీవ్రమైనదన్న ప్రశ్న కంటే, అది ఎవరి మీద పడుతుందన్న ప్రశ్నే ఎక్కువ వివరిస్తుంది. చైనాలో 1970ల దాకా, ఇథియోపియాలో 1980లలో దెబ్బ ప్రధానంగా పడింది గురువుల మీద, భవనాల మీద, ఆస్తుల మీద. జపాన్‌లో అది చివరికి కుటుంబం పేరు నమోదైన పుస్తకం మీద పడింది. తూర్పు జర్మనీలో పిల్లవాడి చదువు మీద పడింది. మొదటి రకానికి సంఘం సామాన్య విశ్వాసులతో జవాబు చెప్పగలిగింది. రెండో రకానికి పోలండును మినహాయిస్తే ఇప్పటిదాకా గట్టి జవాబు దొరకలేదు. తండ్రి తన కోసం జైలుకు సిద్ధపడతాడు, కూతురి మెడిసిన్ సీటు దగ్గరికొచ్చేసరికి ఆలోచనలో పడతాడు.

నేపాల్, అరుణాచల్: కాగితం మీది చట్టం, ఊళ్లోని అమలు

1951 దాకా నేపాల్ తలుపులు మూసి ఉన్నాయి. తర్వాత వచ్చిన మిషన్లకు ఆసుపత్రులు, బడులు నడపడానికి అనుమతి దొరికింది, మతం మార్చకూడదన్న షరతు మీద. 1963 ములుకీ ఐన్ (దేశ చట్టస్మృతి) మతమార్పిడిని శిక్షార్హం చేసింది. దాంతో సువార్త పనంతా నేపాలీల చేతుల్లోనే మిగిలింది. 1961 జనగణనలో క్రైస్తవులు 458 మంది. 1990లో రాజకీయ మార్పు వచ్చి ఖైదీలు విడుదలయ్యాక ఆ సంఖ్య 1991లో 31 వేలు, 2001లో లక్ష, 2011లో 3.75 లక్షలైంది. అసలు ఉప్పెన సడలింపు తర్వాతే వచ్చింది. నిర్బంధంలో అల్లుకున్న వల దానికి ఆధారమైంది. 2015 రాజ్యాంగం, 2018లో అమల్లోకొచ్చిన శిక్షాస్మృతి మళ్లీ మతమార్పిడిని నేరం చేశాయి. 2021 లెక్క 5.12 లక్షలు. వేగం తగ్గింది, కానీ చట్టం వల్లే తగ్గిందని ఒక్క జనగణనతో తేల్చలేం.

అరుణాచల్ ప్రదేశ్ 1978లో మతమార్పిడిని నియంత్రించే మతస్వేచ్ఛ చట్టం చేసింది. 1971లో అక్కడ క్రైస్తవులు నూటికి ఒకరు కూడా లేరు, 2011లో ముప్పై మంది. చట్టానికి నియమాలే రూపొందించలేదు గనక అది దశాబ్దాలపాటు కాగితం మీదే ఉండిపోయింది. 2024లో గౌహతి హైకోర్టు నియమాలు ఖరారు చేయాలనడంతో ఇప్పుడు కదలిక వచ్చింది. ఇక్కడ ఎదుగుదలను చట్టానికి వ్యతిరేకంగా సాధించిన విజయమనడం చట్టాన్ని ఎక్కువ చేసి చూడటమే. ఒడిశాలో కథ వేరు. అక్కడి 1967 మతస్వేచ్ఛ చట్టం కంటే 2008లో కంధమాల్‌లో గుంపులు చేసిన హింసే సంఘాలను చెదరగొట్టింది. ప్రభుత్వ ఆంక్షను, సమాజపు వైరాన్ని విడివిడిగా కొలవాలని పరిశోధకులు పట్టుబట్టేది ఇందుకే.

మన జనగణన చెప్పని కథ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో నూటికి నలుగురికి పైగా క్రైస్తవులు. 2011లో 1.34. ఈ నలభై ఏళ్లలో కోస్తా జిల్లాల్లో కొత్త ప్రార్థనా మందిరాలు లేచిన తీరు చూసినవాళ్లెవరూ సంఘం మూడోవంతుకు పడిపోయిందని నమ్మరు. ఇక్కడ ఆరాధన మీద నిషేధం లేదు. ఉన్నది 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. దాని ప్రకారం షెడ్యూల్డ్ కుల హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడినని రాయించుకున్న మాల, మాదిగ కుటుంబం ఎస్సీ నుంచి జారి బీసీ–సీ కిందికి వస్తుంది. ఆ కోటా ఒక్క శాతం. మతం మారితే ఎస్సీ రక్షణలు వర్తించవని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టూ చెప్పింది. ఆదివారం చర్చికి, సోమవారం ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లే మనిషి రెండుచోట్లా ఒకే జవాబు ఇవ్వలేడు.

ఈ అంతరం ఎంతన్నది ఎవరూ నమ్మదగ్గట్టు కొలవలేదు. ఒక పక్షం దీన్ని 'రహస్య క్రైస్తవం' అని కోట్లలో చెబుతుంది. ఇంకో పక్షం జనగణనే ప్రమాణమంటుంది. ఇద్దరికీ తమకు కావలసిన అంకె దొరుకుతోంది. జైలు లేకుండా, కేవలం ఒక ధ్రువపత్రంతో లెక్కను ఇంతలా మార్చవచ్చని తెలుగునేల చూపించింది.

ఇంకా తేలనివి

చైనాకే తిరిగి వస్తే, 2018 ఫిబ్రవరిలో అమల్లోకొచ్చిన కొత్త మత నిబంధనల తర్వాత బీజింగ్‌లో సీయోను (జయాన్) సంఘం మూతపడింది. చెంగ్డూలో 'తొలకరి నిబంధన' సంఘ కాపరి వాంగ్ యీకి తొమ్మిదేళ్ల శిక్ష పడింది. వార్తల్లోకెక్కినవి ఇవి. అంతగా వార్తల్లోకి రానిది పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను చర్చికి, ఆదివారపు బడికి రానివ్వకపోవడం. 2022 మార్చి నుంచి అనుమతి లేనిదే ఆన్‌లైన్‌లో మత ప్రసంగం పెట్టకూడదు. పాత చైనా గురువులను జైల్లో పెట్టింది. కొత్త చైనా తూర్పు జర్మనీ దారికి దగ్గరగా నడుస్తోంది. 2010 తర్వాత సర్వేల్లో ఎదుగుదల కనబడటం లేదని ప్యూ చెబుతున్నది ఈ నిబంధనలకు ముందే మొదలైన ధోరణి. కాబట్టి పల్లెలు ఖాళీ అవడం, వృద్ధ విశ్వాసులు కాలం చేయడం లాంటి కారణాలను పక్కన పెట్టలేం. సర్వే చేసే అపరిచితుడికి నిజం చెప్పడానికి జంకి ఉంటారన్నదీ కొట్టిపారేయలేని వాదమే.

ఎదుగుదల అంటే ఏమిటన్న దాని మీదా ఒప్పందం లేదు. 1990లలో హెనాన్‌లో పుట్టిన 'తూర్పు మెరుపు' అనే శాఖ, క్రీస్తు ఒక చైనా స్త్రీగా తిరిగి వచ్చాడని బోధిస్తూ గృహ సంఘాల్లోంచే జనాన్ని లాక్కుంది. 2002లో ఒక పెద్ద గృహ సంఘాల కూటమి నాయకులు ముప్పై నలుగురిని ఆ శాఖవాళ్లు అపహరించారు. వేదాంత శిక్షణకు తావులేని చోట వేగంగా పెరిగిన సంఘం ఇలాంటివాటికి తేలిగ్గా లొంగుతుంది. కొందరు ఈ జనాన్నీ క్రైస్తవుల ఖాతాలోనే వేస్తారు, కొందరు వేయరు. ఇరాన్‌లో 2020లో జరిపిన ఒక ఆన్‌లైన్ సర్వేలో నూటికి ఒకటిన్నర మంది క్రైస్తవులమన్నారు. అలాంటి సర్వేకు జవాబిచ్చేవాళ్లు దేశం మొత్తానికి ప్రతినిధులు కారన్న విమర్శ వెంటనే వచ్చింది.

ఈ వాదాల్లో ఏది నిలుస్తుందో చెప్పగల ఆధారం ఒకటే: ఆంక్షల కింద పుట్టిన పిల్లలు ముప్పై ఏళ్లకు ఏమయ్యారన్నది. జపాన్, తూర్పు జర్మనీల విషయంలో ఆ జవాబు మన చేతిలో ఉంది. నేపాల్‌లో 1990 తర్వాత బాప్తిస్మం పొందినవాళ్ల పిల్లలు ఇప్పుడిప్పుడే ఆ వయసుకు వస్తున్నారు. చైనాలో 2018లో ఆదివారపు బడి మూతపడ్డ నాటి పదేళ్ల పిల్లలకు ముప్పై నిండేది 2038లో.